సూదిబెజ్జంలోంచి ఏడు కుర్చీలు

ఆ కళ్ళజోళ్ళ షాపులో కస్టమర్ల కోసం ఏడు కుర్చీలుండేవి. గోడవారగా నాలుగు, కౌంటరు ముందు రెండు, చూపు పరీక్ష చేసే మూలలో ఒకటి. మెత్తటి సీట్లు, నీలం రంగు రెక్సిను. ఏ రెక్సిను ఎక్కడ చిరిగిందో, ఏ కుర్చీ కాలు కిర్రుమంటుందో, దేని సీటు కింద ఎవరు చూయింగ్ గమ్ అంటించి పోయారో ఆమెకు తెలుసు. పందొమ్మిదేళ్ళు రోజూ పొద్దున్నే వాటిని తుడిచిన మనిషి. ఆ పందొమ్మిదేళ్ళలో వాటిలో ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు.

కూర్చోకూడదని ఎక్కడా బోర్డు లేదు. కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నదీ లేదు. చేరిన మొదటి వారం, మధ్యాహ్నం రెండున్నరకి షాపులో పురుగు కూడా లేని వేళ, గోడవార కుర్చీ లాక్కుని కూర్చోబోయింది. యజమాని తన అద్దాల గదిలోంచి బయటికొచ్చి మెల్లగా చెప్పాడు.

"అమ్మా, రోడ్డు మీద పోయేవాడికి మనం వాడి కోసమే ఎదురుచూస్తున్నట్టు కనపడాలి. కూర్చుంటే కునుకుతున్నట్టు కనపడుతుంది."

"సరే సార్" అంది.

ఆ 'సరే సార్' పందొమ్మిదేళ్ళు నిలబడింది. పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా, కౌంటరు వెనక, తనకు చూపించిన చోట. భోజనానికి అరగంట. అది కూడా వెనక గదిలో, అట్టపెట్టెల మధ్య నేల మీద.

యజమాని చెడ్డవాడు కాదంటారు అందరూ. నేనూ అంటాను. కేకలెయ్యడు, జ్వరమొస్తే ఇంటికి పొమ్మంటాడు. కానీ నియమం పెట్టినవాడు మంచివాడైనంత మాత్రాన పిక్కల్లో నొప్పి ఏమీ తగ్గదు. ఈ సంగతి మనం మర్యాద కోసం చెప్పకుండా దాటేస్తుంటాం. ఇక్కడ దాటెయ్యదలుచుకోలేదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి ఇంట్లో, వీధివైపు గదిలో ఉండేది. చెల్లెలు ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తా. మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్, నోరు తెరిస్తే వేళాకోళం. చుట్టాలెవరైనా వచ్చి "తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషమ్మా" అని ఆమెను మెచ్చుకుంటే, "అవునండీ, రోజుకి పదిన్నర గంటలు, మధ్యలో అరగంట తీసెయ్యండి" అనేవాడు. అందరికంటే ముందు ఆమే నవ్వేది.

షాపుకొచ్చే పిల్లలు ఆమెకు 'చెంచా మేడమ్' అని పేరు పెట్టారు. దానికి కారణం ఒక నల్లటి ప్లాస్టిక్ చెంచా. గుంట ఉండాల్సిన చోట చదునుగా ఉండి, నిండా సన్నటి బెజ్జాలుంటాయి. ఒక కన్ను మూయించి, రెండో కంటికి ఆ చెంచా అడ్డం పెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాలు చదవమంటుంది. బెజ్జంలోంచి అక్షరాలు తేటపడితే ఆ మసక అద్దాలతో పోయేదే. అలా కూడా తేటపడకపోతే కంటి లోపల ఏదో ఉన్నట్టు, డాక్టరు దగ్గరికి పంపాలి. సూదిమొనంత సందులోంచి ఆఖరి వరుస చదివేసి పిల్లలు తెల్లబోయేవాళ్ళు. "మేడమ్, ఈ చెంచానే ఇచ్చెయ్యండి, కళ్ళజోడొద్దు" అనేవాళ్ళు. "ఇచ్చేస్తే సార్ నన్నే మీకిచ్చేస్తారు" అనేది.

షాపులో ఒక డిజిటల్ కెమెరా ఉండేది, లెన్సు ఊడదీసి పెట్టుకునే రకం. దూరం కనపడనివాళ్ళకి పవరు అద్దాలు లేని కొత్త ఫ్రేము పెడితే అద్దంలో తమ ముఖం తమకే కనపడదు కదా. అందుకని ఫ్రేము పెట్టి ఫోటో తీసి, మళ్ళీ పాత కళ్ళజోడు పెట్టించి, ఫోటో చూపించేవాళ్ళు. తర్వాత ఆ పని ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాయి. కెమెరా ఒకరోజు కౌంటరు మీదనుంచి జారి లెన్సు పగిలింది. ఒళ్ళు మాత్రం బాగానే ఉంది. చెత్తలో వెయ్యబోతుంటే ఆమె అడిగింది.

"సార్, ఇది నేను తీసుకోనా?"

"కన్ను పోయిన కెమెరా ఏం చేసుకుంటావమ్మా?"

"చూద్దాం సార్. కన్ను పోయినవాళ్ళతోనే కదా మన పని."

చెంచా కంటికి చేసే పని కెమెరాకి చెయ్యదా అన్నది ఆమె అనుమానం. లెన్సు లేనప్పుడు కెమెరా నోటికి పెట్టే ప్లాస్టిక్ మూతని వెనక గదిలోకి తీసుకెళ్ళి అద్దాలు సానపట్టే మాస్టారుకిచ్చింది. అంచుల్లేని ఫ్రేములకి అద్దాల్లో బెజ్జాలు వేసే సన్న డ్రిల్లు ఆయన దగ్గరుంది. మూత నడిమధ్యలో శనగగింజంత కంత పెట్టిచ్చాడు. దాని మీద అంటించే రేకు ఆమె పని. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి, సానపట్టే గరుకు కాగితంతో పలచగా అరగదీసి, సూదిమొన ఆనించి మెల్లగా తిప్పుతూ బెజ్జం పెట్టడం.

మొదటి బెజ్జం కుట్టుసూదితో. ఫోటో అంతా పొగమంచు. ఇంకా సన్నది కావాలనుకుని ముత్యాలు గుచ్చే సూది తెచ్చింది. తేటపడింది. అంతకంటే సన్నగా పెడితే ఇంకా తేటగా రావాలి కదా అని, రేకు చిల్లు పడీపడకముందే ఆపింది. మళ్ళీ పొగమంచు. బెజ్జం చిన్నదయ్యేకొద్దీ చూపు తేటపడుతుందన్నది చెంచా నేర్పిన పాఠం. ఒక హద్దు దాటాక వెలుగు ఆ అంచుల దగ్గరే చెదిరిపోతుందని చెంచా చెప్పలేదు. పదకొండు రేకులు చేసింది. కాంటాక్టు లెన్సులు వచ్చే చిన్న డబ్బీల్లో దాచి, ఏది ఏ సూదో మూతల మీద రాసుకుంది. ఏడో డబ్బీలోది నిలిచింది.

సెలవురోజుల్లో వంటింటి కిటికీ, ఆరేసిన బట్టలు, మరిది పనిముట్ల పెట్టె తీసేది. పదునుగా ఉండేవి కావు, కానీ దగ్గరున్నదీ దూరమున్నదీ ఒక్కలాగే కనపడేవి. ప్రతి ఫోటోలోనూ పైన కుడిపక్క ఒక నల్లచుక్క.

"ఈ ఈగ రోజూ ఒకచోటే వాలుతుందేంటి వదినా?" అన్నాడు మరిది.

"కెమెరా లోపల దుమ్ము. లెన్సున్నప్పుడు కనపడలేదు, బెజ్జం పెట్టేసరికి బయటపడింది."

"అయితే మా సూపర్‌వైజరుకి కూడా ఒకటి పెట్టాలి."

సన్న బెజ్జానికి వెలుగు తక్కువ కాబట్టి ఫోటోకి చాలాసేపు పడుతుంది. ఆమెకు అది ఇంకా పొడవుగా సాగితే ఏమవుతుందో చూడాలనిపించింది. మీట నొక్కి ఉంచడానికి రబ్బరు బ్యాండు చుట్టి, మాస్టారు పారేసే నల్లకళ్ళజోడు అద్దాలు రెండు బెజ్జం ముందు అంటించి, ఇంటి మేడ మీద నుంచి బస్‌స్టాపు తీసింది. రెండు నిమిషాలు. సాయంత్రం ఐదింటికి, జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకునే వేళ. ఫోటోలో రోడ్డు ఖాళీ. బస్సుల్లేవు, మనుషుల్లేరు. బెంచీ మీద ఒక్క ముసలాయన మాత్రం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఊరంతా ఖాళీ చేయించావేంటి వదినా?"

"నడిచేవాళ్ళు పడరు మరిదీ. కదలకుండా ఉన్నవాళ్ళే పడతారు."

"మరి ఈయన?"

"బస్సు తప్పిపోయింది పాపం."

"పోన్లే. బస్సులో చోటు దొరక్కపోయినా ఫోటోలో దొరికింది."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో 'పడటం' ఒక ఆట. ఫోటోలో ఎవరు పడ్డారు, ఎవరు పడలేదు. చెల్లెలు బట్టలు ఉతుకుతుంటే బకెట్టు పడింది, చెల్లెలు పడలేదు. మరిది సోఫాలో నిద్రపోతే జుట్టుతో సహా పడ్డాడు. "చూశావా, పనిచేసేవాళ్ళ జాడ ఉండదు, పడుకున్నవాడికి ఫోటో" అని చెల్లెలు వారం రోజులు దెప్పింది.

అప్పటికే ఆమె ఎడమకాలు బాగాలేదు. పిక్క మీద నరాలు తాళ్ళలా ఉబ్బి, చీలమండ పైన గుండీ అంత పుండు పడి మానడం లేదు. ఇంటికొచ్చాక చెప్పు విప్పితే పట్టీ గుర్తు వేలు లోతున ఉండేది. చెల్లెలు బలవంతం మీద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ సాగే పట్టీ చుట్టి, చెప్పాల్సింది విడమరిచి చెప్పింది. "గంటకి పది నిమిషాలు కాలు ఎత్తిపెట్టి కూర్చోవాలి. నిలబడక తప్పకపోతే ఒకేచోట బిగుసుకుని నిలబడొద్దు. మడమలు లేపుతూ దించుతూ ఉండండి. పిక్క కదిలితేనే రక్తం పైకెక్కుతుంది. కదలకపోతే అక్కడే నిలిచి గడ్డకడుతుంది. కూర్చునే ఏర్పాటు లేకపోతే ఆ ఉద్యోగం మానెయ్యండి."

ఉద్యోగం మానడం ఆమెకు కుదరదు, మనసూ ఒప్పదు. ఆ పని అంటే ఇష్టం. మసకలోంచి తేటలోకి వచ్చిన ముఖాన్ని ఎదురుగా ఉండి చూడటం ఇష్టం. అందుకని జీవితంలో మొదటిసారి ఒకటి అడిగింది.

"సార్, ఒక ఎత్తుపీట. కౌంటరు వెనకే వేసుకుంటాను. బయటికి కనపడదు."

"అద్దాల కౌంటరు కదమ్మా, ఎందుకు కనపడదు?"

"డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది సార్."

"నీకొక్కదానికి వేస్తే ఆ ఇద్దరికీ వెయ్యాలి."

"వెయ్యండి సార్."

యజమాని నవ్వాడు. "నాయకురాలివైపోయావే. చూద్దాంలే."

ఆ ఇద్దరూ అంటే ఫ్రేములు చూపించే మేడమ్, బిల్లు మేడమ్. ఫ్రేముల మేడమ్‌కి ఇద్దరు పిల్లలు, చిన్నవాడికింకా ఏడాది నిండలేదు. వాళ్ళూ నిలబడే ఉంటారు. సానపట్టే మాస్టారొక్కడికే స్టూలు, ఎందుకంటే ఆ మిషను కూర్చుని చెయ్యాల్సిందే. అప్పుడప్పుడు ఆయన "కాస్త ఈ అద్దం చూసిపోమ్మా" అని ఆమెను లోపలికి పిలిచేవాడు. అద్దమేమీ ఉండేది కాదు. లేచి తన స్టూలు చూపించేవాడు. రెండు నిమిషాలు. అంతలో ముందునుంచి గంట మోగేది.

'చూద్దాం' ఎనిమిది నెలలు సాగింది.

ఈ మధ్యలో ఒక మధ్యాహ్నం ఆమె కెమెరా షాపుకి తెచ్చింది. దాపరికం ఏమీ లేదు, యజమానికి చెప్పే తెచ్చింది. పందొమ్మిదేళ్ళు పనిచేసిన చోటు ఫోటో తన దగ్గర ఒకటుండాలని ఆశ, అంతే. షాపు దీపాలకు ఒక నల్లద్దం, ఒక లేత రంగు అద్దం సరిపోతాయని లెక్కేసి, కౌంటరుకి ఎదుటి అలమరలో ఫ్రేముల మధ్య పెట్టి మీట బిగించింది. నలభై నిమిషాలు. కస్టమర్లు వస్తూ పోతూ ఉన్నారు. ఆమె పని ఆమె చేసుకుంది.

ఇంటికి వెళ్ళి చెల్లెలి లాప్‌టాప్‌లో తెరిచారు. ఏడు కుర్చీలు కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా పడ్డాయి, ఏడూ ఖాళీగా. కూర్చుని లేచిపోయిన కస్టమర్లు ఎవరూ పడలేదు. కౌంటరు వెనక మనుషులున్న చోట తలల బదులు మూడు పొగలు. కింద, కౌంటరు అద్దంలోంచి, ఆరు కాళ్ళు. చెప్పుల పట్టీలతో సహా, కొట్టొచ్చినట్టు. ఆరింటిలో ఒకదానికి పట్టీ చుట్టి ఉంది.

చెల్లెలు తెరకి దగ్గరగా వంగింది.

"మొహం ఏదే అక్కా?"

"మొహం తిరుగుతూ ఉంటుంది కదే. వచ్చినవాళ్ళని చూడాలి, తలుపు చూడాలి, సార్ గది వైపు చూడాలి. కాళ్ళకే ఎటూ పోయే పని లేదు."

మరిది ఆ ఫోటో చూశాడు. ఏమీ వేళాకోళం చెయ్యలేదు. చెల్లెలి మాటల్లో, పదేళ్ళ కాపురంలో ఆయన అలా ఊరుకోవడం అదే మొదలు.

మర్నాడు స్కూల్లో చెల్లెలు ఫిర్యాదు టైపు చేసింది. షాపుల్లో పనిచేసేవాళ్ళ బాగోగులు చూడాల్సిన ఆఫీసుకి. ముగ్గురికి మూడు ఎత్తుపీటలు కావాలని, అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఆమె సంతకం పెట్టింది. మిగతా ఇద్దరూ భయపడ్డారు. "మీ పేర్లొద్దులే, నా కాలు చాలు" అంది.

నెల తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన రాకముందే ఆయన వస్తున్న కబురు వచ్చింది. పక్క షాపు నుంచి రెండు స్టూళ్ళు, మాస్టారు కిందనుంచి ఆయన స్టూలు కౌంటరు వెనక చేరాయి.

"కూర్చోండమ్మా, ఎందుకు నిలబడ్డారు?" అన్నాడు యజమాని. పందొమ్మిదేళ్ళలో ఆ మాట వినడం అదే మొదటిసారి.

ముగ్గురూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు.

"మీరు కూర్చునే ఉన్నారు కదమ్మా?"

"ఇవాళ కూర్చున్నాం సార్."

"నేను కళ్ళారా చూసిందే రాయగలను."

ఆమె సంచిలోంచి ఫోటో తీసి ఇచ్చింది. ఆయన దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. దగ్గర చూపు తగ్గినట్టుంది, కళ్ళజోడు అవసరం అనుకుందట ఆమె.

"కుర్చీలున్నాయి. కాళ్ళున్నాయి. మనిషేదమ్మా ఇందులో? ముఖం లేకుండా ఎవరని రాసుకోను?"

వెటకారంగా అనలేదట. నిజంగానే అడిగాడట. అదే ఆమెను కుదిపేసింది. ఆయన వెళ్ళాక స్టూళ్ళు ఎక్కడివక్కడికి వెళ్ళిపోయాయి. యజమాని ఆమెను పనిలోంచి తియ్యలేదు. "ఇంట్లో మాట వీధిలో పెట్టావమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె రెండు రోజులు సరిగా తినలేదు.

మూడో రోజు మాస్టారుతో అంది. "ముఖం కావాలన్నారు కదా. ముఖం పడాలంటే కదలకూడదు. నలభై నిమిషాలు కదలకుండా నిలబడితే సరి."

"డాక్టరమ్మ ఏం చెప్పిందో నాకు చెప్పింది నువ్వే."

"ఒక్కసారికి ఏమవుతుంది మాస్టారూ? పందొమ్మిదేళ్ళు నిలబడ్డదాన్ని."

"అప్పుడు కనీసం కాళ్ళు మార్చుకునేదానివి."

ఆమె వినలేదు. ఈ పని తెలిసినవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన తప్పు అది. బెజ్జం సంగతి తెలియనివాళ్ళకి అలా నిలబడాలనే తోచదు. ఆమెకు బాగా తెలుసు, ఆగినవాళ్ళే పడతారని. తమను నిలబెడుతున్నారని రుజువు చెయ్యడానికి ఎన్నడూ నిలబడనంత బిగువుగా నిలబడాలని ఆమెకు తోచింది. రుజువు నువ్వే తెచ్చుకోమని ఒక మనిషి కాలి మీద భారం పెట్టిన ఆఫీసులకి ఇందులో వాటా లేదా?

మధ్యాహ్నం రెండున్నర. కెమెరా పాత చోటే. మిగతా ఇద్దరితో "మీరు మామూలుగా మసలండి. మీరు పడక్కర్లేదు" అని చెప్పి, మీట బిగించి, తన చోటికొచ్చి నిలబడింది. చూపు ఎదుటి గోడ మీది అక్షరాల్లో ఆఖరి వరుస మీద పెట్టింది. పది నిమిషాలు. ఇరవై. ఎవరో కళ్ళజోడు బిగించమని వస్తే ఫ్రేముల మేడమ్ చూసుకుంది.

"అక్కా, మడమ లేపు కాస్త" అంది బిల్లు మేడమ్ గుసగుసగా.

ఆమె పెదవులు కదపకుండానే అంది. "మాట్లాడించకే. నోరు పడదు."

బిల్లు మేడమ్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు తల్చుకుని ఆవిడ ఇప్పటికీ ఏడుస్తుంది.

వెనక గుమ్మంలోంచి మాస్టారు గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆ నలభై నిమిషాలు ఆయనా కూర్చోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఫోటో తెరిచారు. పక్కన రెండు పొగలు. నడుమ ఆమె. నుదుటి మీద పడ్డ వెంట్రుక, మెడలో వేలాడే చెంచా, పట్టీ చుట్టిన కాలు. రెప్పలు ఎన్నిసార్లు కొట్టిందో, ఆ బెజ్జం పట్టించుకోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె ముందూ పక్కలా ఏడు ఖాళీ కుర్చీలు.

"పడ్డానే" అంది చెల్లెలితో, చిన్నపిల్లలా. "చూడు, మొత్తం పడ్డాను."

"బాగా పడ్డావక్కా."

కాలు ఆ రాత్రికే బరువుగా ఉందంది. మర్నాడు పిక్క ఎర్రగా, వేడిగా ఉన్నా షాపుకి వెళ్ళింది. సెలవు పెడితే ఫిర్యాదు పెట్టినందుకు ముఖం చాటేసిందనుకుంటారని భయం. ఆ తర్వాత రోజు పొద్దున పదకొండింటికి స్కూలు ఆఫీసులో ఫోను మోగింది. బిల్లు మేడమ్.

"అక్క పడిందండీ."

చెల్లెలి బల్ల మీద, ఇన్‌స్పెక్టరుకి పంపడానికి అచ్చువేసిన ఆ ఫోటోనే ఉంది.

"తెలుసండీ, చూశాను. మొహం ఎంత బాగా పడిందో" అంది చెల్లెలు సంతోషంగా.

అవతలినుంచి ఏడుపు.

కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. ఆసుపత్రికి చేరేసరికే ఏమీ మిగల్లేదు. ఆమె పడిపోయింది కౌంటరు వెనక, తన చోటే. మోసుకెళ్ళడానికి మనుషులొచ్చేదాకా ఆమెను కుర్చీలో కూర్చోబెడదామని మాస్టారు చూశాడు. తల నిలవలేదు. నేల మీదే పడుకోబెట్టారు. ఏడు కుర్చీలూ అలాగే ఉన్నాయి.

ఆ నలభై నిమిషాల వల్లేనా అని చెల్లెలు డాక్టరమ్మను అడిగింది. "అదేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను. దాని వెనకాల పందొమ్మిదేళ్ళున్నాయి" అంది డాక్టరమ్మ. చెల్లెలికి మాత్రం ఫోనులో తను అన్న మాట పోదు. "నా నోటితో నేనే అన్నాను, బాగా పడిందని" అంటుంది. మరిది ఇప్పుడు ఇంట్లో ఎవరినీ వేళాకోళం చెయ్యడం లేదు. కెమెరా మూత దుమ్ము పట్టకుండా తుడిచి పెడతాడు. పదకొండు డబ్బీలూ అలాగే ఉన్నాయి, ఆమె చేతిరాతతో.

చెల్లెలు ఫోటో తీసుకుని ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్ళింది. "ముఖం కావాలన్నారట కదండీ" అని బల్ల మీద పెట్టింది. ఆయన చూశాడు. తల ఎత్తకుండానే ఫైల్లో పెట్టుకున్నాడు. మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది ఒక్క వాక్యం. 'ఫిర్యాదుదారు మరణించినందున ఫైలు మూసివేయడమైనది.'

షాపులో ఇప్పుడు కౌంటరు వెనక ఒక స్టూలు ఉంది. యజమానే తెచ్చి వేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. కానీ కూర్చోమని నోటితో చెప్పలేదు, అందుకని ఎవరూ కూర్చోరు. దాని మీద అద్దాలు తుడిచే మందు సీసా, గుడ్డల పెట్టె పెట్టుకున్నారు. మొన్న వెళ్ళినప్పుడు ఫ్రేముల మేడమ్ కాలు మార్చి కాలు మీద నిలబడి ఉంది. ఆవిడ వయసు ఇరవై ఆరు.

ఫిర్యాదుదారు లేరని ఫైలు మూశారు. కాబట్టి ఇప్పుడు కావాల్సింది ఫిర్యాదుదారులు. ఆ ఫిర్యాదుదారులు మీరే కండి. బట్టల షాపుకో, మందుల షాపుకో, చెప్పుల షాపుకో వెళతారు. "కూర్చోండి" అంటారు. కూర్చోకండి. "మీరు కూర్చోవడానికేదమ్మా?" అని అడగండి, యజమానికి వినపడేలా. స్టూలు ఉండి దాని మీద సామాను ఉంటే, ఆ సామాను మీ చేత్తో తీసి పక్కన పెట్టండి. స్టూలే లేకపోతే ఆ షాపు చిరునామా, మీ పేరు రాసి, మీ ఊళ్ళో ఇలాంటివి చూసే ఆఫీసుకి ఒక కార్డు పంపండి. జవాబు రాకపోతే ఇంకొకటి పంపండి. పనిచేసేవాళ్ళకి కూర్చునే చోటు ఉండాలన్న చట్టం మీ దగ్గర ఉందో లేదో తెలుసుకోండి. ఉంటే అమలు చెయ్యమనండి, లేకపోతే చట్టం చెయ్యమని మీరు ఓటేసినవాళ్ళని అడగండి.

ఆ ఇన్‌స్పెక్టరుకి ఒక ముఖం కావాలి. ఆమె ముఖం చూపించడానికి నలభై నిమిషాలు కదలకుండా నిలబడింది. మీరు నిలబడక్కర్లేదు. కదిలితే చాలు.